రోహిణి కార్తెలో డెండ్రోబియం

ఏప్రిల్ దాటిందంటే నా ఫోన్‌కి ఒకటే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తుంది. "గుంటూరు ఎండకి ఆర్కిడ్ బతుకుతుందా అండీ?" అడిగేవాళ్ళలో సగం మంది అప్పటికే కడియం నర్సరీల్లోనో, వీధిలోకి మొక్కల బండి తెచ్చే అబ్బాయి దగ్గరో పూలతో ఉన్న కుండీ కొనేసి ఉంటారు. పూలు రాలిపోయాయి, ఇప్పుడు ఆకులు కూడా రాలుతున్నాయి, ఏం చెయ్యమంటారు అంటారు. ఒక్కొక్కరికీ విడిగా టైపు చేసే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

బతుకుతుంది. ఎండకి చచ్చిపోయిన డెండ్రోబియం ఆర్కిడ్‌ని నేను చూసింది బహు తక్కువ. పడమటి గాలికి పోయినవి, బోరు నీళ్ళకి పోయినవి ఉన్నాయి. "పాపం, ఎండిపోతుందేమో" అని పొద్దస్తమానం చెంబుతో నీళ్ళు పోసేవాళ్ళ చేతుల్లో పోయినవి అన్నిటికన్నా ఎక్కువ.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. పట్నంబజారులో ఒక ఎరువులు, పురుగుమందుల దుకాణంలో లెక్కలు రాస్తాను. ఇల్లు కొరిటెపాడు, మూడో అంతస్తు, పడమటి బాల్కనీ. గుంటూరులో పడమటి బాల్కనీ అంటే ఏమిటో ఇక్కడి వాళ్ళకి చెప్పక్కర్లేదు, అద్దె తక్కువ కాబట్టి తీసుకున్నాం. ఆ బాల్కనీ వడియాలకీ బట్టలారేసుకోవడానికీ తప్ప ఎందుకూ పనికిరాదని మా ఆవిడ మొదటి వేసవిలోనే తేల్చేసింది. ఇప్పుడు ఆ బట్టల తీగ పక్కనే కుండీలు వరసగా వేలాడుతున్నాయి. చీరల మీద ఎరువు నీళ్ళ చుక్కలు పడుతున్నాయని గొడవ ఇంకా నడుస్తూనే ఉంది.

ముందు ఏ రకం కొంటున్నామో చూసుకోవాలి. డెండ్రోబియంలలో వెయ్యికి పైగా జాతులున్నాయి. చాలావరకు చెట్ల కొమ్మలకు అంటుకుని, వేళ్ళు గాల్లోకి వదిలి బతుకుతాయి. బదనిక లాగా చెట్టు రసం పీల్చవు, ఆసరా ఒక్కటే తీసుకుంటాయి. మన నర్సరీల్లో ఎక్కువగా కనిపించేవి రెండు గుంపులు. ఒకటి నోబిలే. హిమాలయాల వైపు మొక్క, సిక్కిం రాష్ట్ర పుష్పం. చలికాలంలో రాత్రుళ్ళు బాగా చల్లబడి, వేళ్ళు పొడిగా ఉంటే తప్ప దానికి మొగ్గ రాదు. సంక్రాంతి ముందు మనం దుప్పటి కప్పుకుని వణికే చలి దాని లెక్కలో చలే కాదు. పచ్చగా పెరుగుతుంది, పిలకలు పెడుతుంది, పూయదు. రెండోది డెన్-ఫాల్ అంటారు. ఉత్తర ఆస్ట్రేలియా, న్యూగినీల వేడి ప్రాంతపు జాతుల నుంచి చేసిన సంకరాలు ఇవి. క్వీన్స్‌లాండ్ వాళ్ళ రాష్ట్ర పుష్పం కుక్‌టౌన్ ఆర్కిడ్ కూడా ఈ కోవలోదే. అక్కడ నెలల తరబడి వాన ఉండదు, ఎండ మామూలుగా ఉండదు. మనకు కావలసింది ఇదే. పెళ్ళి మండపాల డెకరేషన్‌లో గుచ్చే ఊదా రంగు పూల కొమ్మలున్నాయే, థాయ్‌లాండ్ నుంచి ప్రపంచమంతా వెళ్ళే 'సోనియా', అది ఈ రకమే.

పూత చూసి గుర్తుపట్టొచ్చు. నోబిలేకి గడ (చెరుకులా కణుపులుండే కాండం) పొడవునా కణుపుల దగ్గర గుత్తులుగా పూస్తుంది. డెన్-ఫాల్‌కి గడ కొస నుంచి పొడుగాటి పూకాడ వస్తుంది. అమ్మే అతను "అన్నీ ఒకటేనండీ" అంటాడు. ఒకటి కాదు.

(డెండ్రోబియంలకు నాయకుల పేర్లు పెట్టే సరదా కూడా ఒకటుంది. 1965లో ఇండోనేషియా అధ్యక్షుడు సుకర్ణో బొగోర్ బొటానికల్ గార్డెన్‌లో ఒక సంకరానికి ఉత్తర కొరియా నాయకుడు కిమ్ ఇల్ సంగ్ పేరు పెట్టించాడు. 2018లో ప్రధాని నరేంద్ర మోదీ సింగపూర్ వెళ్ళినప్పుడు అక్కడి ఆర్కిడ్ తోటలో ఒక డెండ్రోబియంకి ఆయన పేరు పెట్టారు. దుకాణంలో ఈ సంగతి చెబితే మిర్చి విత్తనాలకి వచ్చిన ఒక పెద్దాయన, "మన విత్తనాల ప్యాకెట్ల మీద పేర్లకన్నా నయమేలే అబ్బాయ్" అన్నాడు.)

కుండీ సంగతికొస్తే, మట్టి వద్దు. ఎర్రమట్టి, కంపోస్టు, కోకోపీట్, ఏదీ వద్దు. వీటి వేళ్ళకి పైన తెల్లగా, స్పాంజిలా ఒక పొర ఉంటుంది. నీళ్ళు తగలగానే చటుక్కున పీల్చుకుని పచ్చబడుతుంది, ఆరాక మళ్ళీ తెల్లబడుతుంది. ఆ ఆరడం జరగకపోతే వేరు కుళ్ళిపోతుంది. నేను వాడేవి బొగ్గులు, పాత బంగాళా పెంకు ముక్కలు, కొద్దిగా కొబ్బరి డొక్క ముక్కలు. బొగ్గులు ఇస్త్రీ బండి అతని దగ్గర తెచ్చుకునేవాణ్ణి. ఇప్పుడు మా వీధి ఇస్త్రీ బండికి గ్యాస్ వచ్చేసింది, బొగ్గుల కోసం వెతుక్కోవాల్సి వస్తోంది. కొబ్బరి డొక్క అయితే ముక్కలు కొట్టి, నీళ్ళు మారుస్తూ వారం పాటు నానబెట్టాలి. దాంట్లోని ఉప్పు, ఎర్రటి కషాయం వదిలిపోవాలి. మా పడమటి బాల్కనీకి డొక్క కొంచెం ఎక్కువైనా పర్లేదు, ఆరిపోతుంది. కింద అంతస్తులో, గాలాడని చోట ఉండేవాళ్ళు బొగ్గు, పెంకులతోనే సరిపెట్టుకోవడం మంచిది. కుండీ చిన్నదిగా, చుట్టూ చిల్లులతో ఉండాలి. "ఇంత పెద్ద మొక్కకి ఇంత బుల్లి కుండీయా" అని చూసినవాళ్ళు అనాలి. ఇరుగ్గా ఉంటేనే దానికి ఇష్టం. పెద్ద కుండీ అంటే పెద్ద తడి.

కుండీ మార్చాల్సింది కొత్త మొలక కింద కొత్త వేళ్ళు బుడిపెల్లా కనిపించినప్పుడు. మనకి అది మృగశిర, ఆరుద్ర కార్తెల్లో. మిగతా కాలాల్లో కదిపితే అలిగి కూర్చుంటుంది.

ఇక నీళ్ళు. అసలు కథ ఇక్కడే ఉంది.

ఎన్ని రోజులకోసారి పొయ్యాలి అని అడగకండి, దానికి జవాబు లేదు. వేరు తెల్లగా ఉంటే పొయ్యండి, పచ్చగా ఉంటే వదిలెయ్యండి. పోసేటప్పుడు చెంచాడు చెంచాడు కాదు, కుండీ మొత్తం తడిసి కిందనుంచి ధారగా కారాలి. ఆ తర్వాత ఆరాలి. కింద పళ్ళెం పెట్టారా, తీసెయ్యండి.

ఏ నీళ్ళు అనేది ఇంకా పెద్ద విషయం. గుంటూరులో చాలా అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. బకెట్‌కి తెల్ల చారలు కట్టే నీళ్ళు వేరు కొసలకి కూడా అదే పని చేస్తాయి. కొస పచ్చగా, నిగనిగలాడుతూ ఉండాల్సింది గోధుమ రంగుకి తిరిగి ఆగిపోతుంది. నీళ్ళలో కరిగిన ఉప్పులెన్నో చూపే టీడీఎస్ మీటరు కొద్ది వందలకే దొరుకుతుంది, ఒకటి కొనుక్కోండి. 200 లోపు చూపిస్తే హాయిగా పొయ్యండి. మా బోరు వెయ్యి దాటుతుంది కాబట్టి దాన్ని గిన్నెలు కడగడానికి వదిలేశాం. మున్సిపల్ పంపులో వచ్చేవి కృష్ణ నీళ్ళు, అవి ఎంతో మేలు. రెండు బకెట్లు పట్టి ఒక రాత్రి అలా ఉంచేస్తే క్లోరిన్ కూడా కొంత పోతుంది. వానాకాలం మేడ మీద టబ్బు పెట్టి వాన నీళ్ళు పడతాను. ఏసీ నుంచి కారే నీళ్ళు కూడా వాడొచ్చు, వాటిలో ఉప్పు దాదాపు ఉండదు. ఆర్వో మెషీను బయటికి వదిలే నీళ్ళని పొదుపు పేరుతో మొక్కలకి పోసేవాళ్ళున్నారు. వడపోసిన ఉప్పంతా అందులోనే ఉంటుంది కదా, ఆర్కిడ్‌కి మాత్రం వద్దు.

వేసవిలో ఇంకో ప్రమాదం మేడ మీది ప్లాస్టిక్ ట్యాంకు. మధ్యాహ్నం రెండింటికి కుళాయి తిప్పితే చెయ్యి పెట్టలేం. ఆ నీళ్ళే పైపుతో కుండీల మీద కొట్టి, "నీళ్ళు పోస్తూనే ఉన్నానండీ, అయినా వాడిపోయింది" అంటారు. వాడిపోలేదు, ఉడికిపోయింది. వేసవిలో నీళ్ళు పొద్దున ఆరు, ఆరున్నర లోపే, అదీ ముందు రాత్రి పట్టి నీడలో ఉంచిన బకెట్ నుంచి.

రోహిణి కార్తె ఎండలకి రోళ్ళు పగులుతాయని మనవాళ్ళు ఊరికే అనలేదు. మే ఆఖరి వారం నుంచి జూన్ మొదటి వారం దాకా ఆ రెండు వారాలూ గండమే. రెంటచింతలలో 46 అని టీవీలో చెప్పిన రోజున మా బాల్కనీ గ్రిల్లు పట్టుకుంటే అరచెయ్యి కాలుతుంది. అయితే ఆ వేడికన్నా దాంతో వచ్చే పడమటి గాలి ప్రమాదం. తేమ అనేదే లేని వడగాలి అది. వేలాడే వేళ్ళని గంటల్లో ఎండబెట్టేస్తుంది. అందుకని ఆ రోజుల్లో పడమటి వైపు షేడ్ నెట్ రెండు మడతలు వేస్తాను, దాని వెనక తడిపిన గోనెపట్టా కడతాను. కుండీలని పైనుంచి దించి గోడ వారగా, నేలకి దగ్గరగా, ఒకదానికొకటి ఆనేలా పెడతాను. కింద వెడల్పాటి ట్రేలలో గులకరాళ్ళు వేసి నీళ్ళు పోస్తాను. కుండీ అడుగు నీళ్ళకి తగలదు, ఆవిరి మాత్రం తగులుతుంది.

సూర్యుడు దిగాక బాల్కనీ గచ్చు కడిగేస్తాను, మొక్కల్ని కాదు, గచ్చుని. దీనికి ఒక కారణం ఉంది. ఈ రకం మందపాటి ఆకుల మొక్కలు పగలు ఆకుల్లోని రంధ్రాలు మూసుకుని కూర్చుంటాయి. రాత్రి చల్లబడ్డాక తెరిచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటాయి. అంటే వాటికి అసలు పని వేళ రాత్రి. పగలంతా కాలిన గచ్చు రాత్రి పదకొండు దాకా సెగలు కక్కుతుంటే వాటి పని సాగదు. రెండు బకెట్ల నీళ్ళతో గచ్చు చల్లారుతుంది. అదృష్టం బాగుంటే సాయంత్రం బాపట్ల వైపు నుంచి సముద్రపు గాలి కాస్త తిరుగుతుంది. ఆ గాలి తిరిగిన రోజు మా ఆవిడ కూడా కుర్చీ తెచ్చుకుని కుండీల మధ్య కూర్చుంటుంది, అప్పుడు మాత్రం గొడవ ఉండదు.

రోహిణిలో ఎరువు వద్దు, కుండీ మార్పిడి వద్దు. కింది ఆకులు ఒకటి రెండు పసుపై రాలినా కంగారు పడక్కర్లేదు. వానలు పడేదాకా దాన్ని నిలబెట్టడమొక్కటే మన పని.

వెలుతురు చాలిందా లేదా అన్నది ఆకు రంగే చెబుతుంది. ముదురు ఆకుపచ్చగా, చూడ్డానికి ఎంతో ఆరోగ్యంగా ఉందంటే వెలుతురు చాలడం లేదని, అది పూయదు. చిలకపచ్చగా ఉంటే సరిగ్గా ఉందని. అంచుల్లో ఎర్రటి ఊదా ఛాయ వస్తే ఎండ కాస్త ఎక్కువని. తెల్లగానో నల్లగానో మచ్చ పడితే కాలిందని. తూర్పు బాల్కనీ ఉన్నవాళ్ళు అదృష్టవంతులు, వాళ్ళకి మామూలు రోజుల్లో నెట్ కూడా అక్కర్లేదు. పడమర అయితే ఎండని 50 శాతం ఆపే నెట్, మేడ మీద అయితే వేసవికి 75 శాతం. హాల్లో టీవీ పక్కన పెట్టి పూలు రావడం లేదనేవాళ్ళతో నాకు మాట్లాడే ఓపిక లేదు.

ఎరువు విషయంలో మాత్రం నా ఉద్యోగం పనికొచ్చింది. ఆర్కిడ్ స్పెషల్ అని రంగుల డబ్బాల్లో వంద గ్రాములు అమ్మేదీ, మా దుకాణంలో కిలో ప్యాకెట్‌గా రైతులు పట్టుకెళ్ళే 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే ఎరువు), లోపల చాలావరకు ఒకటే సరుకు. తేడా మోతాదులో. పంట మీద కొట్టడానికి లీటరుకి 5 గ్రాములు కలుపుతారు. ఆర్కిడ్‌కి ఒక గ్రాము, ఇంకా భయమైతే అర గ్రాము. కొత్త మొలక పెరుగుతున్న జూన్ నుంచి సెప్టెంబరు దాకా వారానికోసారి, ముందు మామూలు నీళ్ళతో వేళ్ళు తడిపి, ఆ తర్వాత ఇది. గడ ఎదగడం ఆగి, కొసన ఆఖరి ఆకు విప్పుకున్నాక భాస్వరం లేకుండా పొటాష్ ఎక్కువుండే 13:0:45కి మారతాను, మోతాదు అంతే. నెలకోసారి ఎరువు లేకుండా ఒట్టి నీళ్ళతో కుండీని బాగా కడగాలి, లేకపోతే బొగ్గు మీద ఉప్పు పేరుకుంటుంది.

యూట్యూబ్‌లో చూసి వెల్లుల్లి నీళ్ళు, అరటి తొక్కల నీళ్ళు, బియ్యం కడిగిన కుడితి పోసేవాళ్ళకి ఒక్క మాట. చీమలొస్తాయి, చీమలతో పాటు పిండినల్లి వస్తుంది. బియ్యం నీళ్ళు కూర మొక్కలకి పొయ్యండి, వాటికి మట్టి ఉంది.

పురుగుల్లో నాకు నిజంగా టెన్షన్ పెట్టేది తామర పురుగు. మిర్చి రైతుకి ఈ పేరు చెబితే చాలు, ముఖం మారిపోతుంది. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన నల్ల తామర పురుగు 2021లో మన వైపు మిర్చి పూతని ఊడ్చేసింది. ఆ ఏడాది దుకాణంలో ఒకాయన పాలిథిన్ కవరులో పూలు తెచ్చి, నా లెక్కల పుస్తకం తెల్ల కాగితం మీద దులిపి, "చూడు బాబూ, ఇవి చావవు" అన్నాడు. కాగితం మీద నల్లగా, గీతల్లా పరిగెత్తాయి. ఆయన ఏ మందు కొన్నాడో, ఎన్నిసార్లు కొట్టాడో ఆ పుస్తకంలోనే ఉంది. ఏవీ పని చెయ్యలేదు, చివరికి ఆ చేను దున్నేశాడు.

ఆయన చేసిన పనే నేను బాల్కనీలో చేస్తాను. మొగ్గ కాడ వచ్చిందంటే దాని కింద తెల్ల కాగితం పట్టి వేలితో మెల్లగా తడతాను. సన్నటి పురుగులు కదిలితే తామర పురుగే. చూడకుండా వదిలేస్తే మొగ్గలు వంకరపోతాయి, విచ్చుకున్న రేకుల మీద వెండి చారలు పడతాయి, లేదా మొగ్గ విచ్చకుండానే పసుపై రాలిపోతుంది. మా దుకాణంలో రకరకాల మందులుంటాయి, ఇంటికి మాత్రం ఒక్కటీ తేను. బాల్కనీ తలుపు తీస్తే పక్కనే వంటగది. 1500 పీపీఎం వేప నూనె లీటరుకి 5 మి.లీ., రెండు చుక్కల సబ్బు నీళ్ళు, సాయంత్రం పూట, వారం తేడాతో రెండు మూడుసార్లు. చేలల్లో కట్టే నీలం జిగురు అట్ట ఒకటి కుండీల మధ్య వేలాడదీస్తాను. బాగా పట్టేసిన పూకాడని మొహమాటం లేకుండా కత్తిరించి కవర్లో మూటకట్టి పారేస్తాను. పిండినల్లికైతే దూదిని స్పిరిట్‌లో ముంచి తుడిస్తే చాలు. వేసవిలో ఆకు అడుగున నల్లి పడుతుంది, నీళ్ళు గట్టిగా కొడితే పోతుంది.

వానాకాలంలో పురుగుకన్నా కుళ్ళు భయం. ముసురు పట్టి వారం రోజులు ఎండ లేకపోతే కొత్త మొలక గుండెలో నీళ్ళు నిలిచి నల్లగా, మెత్తగా అయిపోతుంది. కుళ్ళిన దాన్ని మంచి భాగం కనిపించేదాకా కోసి, కోసిన చోట దాల్చినచెక్క పొడి అద్దాలి. వేళ్ళ మీద పడనివ్వకండి, వాటినీ ఎండబెట్టేస్తుంది. ముసురు రోజుల్లో కుండీలని వాన పడని చోటికి జరపడం ఈ మందులన్నిటికన్నా మంచి వైద్యం.

ఇంకొకటి. ఆకులు రాలి బోడిగా నిలబడ్డ పాత గడలని కొయ్యకండి. చూడ్డానికి బాగోదని మా అక్కయ్య కోసేస్తానంటే నేనే ఆపాను. నీళ్ళూ తిండీ దాచుకునేది వాటిలోనే. కొత్త మొలకకి పాలిచ్చేది అవే. ఒక్కోసారి ఆ బోడి గడ కొసనే మళ్ళీ పూకాడ వస్తుంది. ముడతలు పడి, నొక్కితే డొల్లగా ఉంటేనే తియ్యాలి.

వాటి విలువ అక్కయ్యకి 2024లో తెలిసింది. వాళ్ళది విజయవాడ సింగ్ నగర్. సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు కింది ఇల్లంతా మునిగింది. బావగారు, అక్కయ్య మేడ మీద కూర్చున్నారు. పోర్టికో గ్రిల్లుకి కట్టిన కుండీలు రోజుల తరబడి బురద నీళ్ళలో నానాయి. నీళ్ళు తీశాక నేను వెళ్ళింది ఫ్రిజ్, పరుపులు బయట పడెయ్యడానికి. మొక్కల సంగతి అప్పుడెవరికి పట్టింది? చెత్త కుప్పలో కుండీలు కనిపిస్తే ఊరికే లాగి చూశాను. వేళ్ళన్నీ నల్లటి పీచైపోయాయి, చేత్తో దువ్వితే ఊడొచ్చాయి. గడలు మాత్రం కొన్ని గట్టిగా ఉన్నాయి. మంచినీళ్ళతో రెండుసార్లు కడిగి, కార్బెండజిమ్, మాంకోజెబ్ కలిసిన బూజు మందు పొడి లీటరుకి 2 గ్రాములు కలిపి ముంచి, ఆరబెట్టి గుంటూరు తెచ్చాను. ట్రేలో తడిపి పిండిన స్పాగ్నం నాచు (కుండీల్లో వాడే ఎండు నాచు) పరిచి, గడలని దాని మీద పడుకోబెట్టి, నీడలో పెట్టాను. వారాలు ఏమీ కనబడలేదు. తర్వాత కొన్ని కణుపుల దగ్గర పచ్చటి బుడిపెలు లేచి, ఆకులై, వాటి కింద వేళ్ళు దిగాయి. అన్ని గడలూ రాలేదు, సగం కుళ్ళిపోయాయి.

మామూలుగా కూడా కణుపుల మీద పిలకలు వస్తుంటాయి. నత్రజని ఎక్కువైతేనో, వెలుతురు చాలకపోతేనో, తల్లికి వేళ్ళు పోతేనో మొగ్గ రావాల్సిన చోట పిలక వస్తుంది. తొందరపడి తుంచకండి. వేళ్ళు రెండంగుళాలు సాగాక కాస్త గడ ముక్కతో కోసి, బుల్లి కుండీలో పెట్టుకోవచ్చు. పూయడానికి రెండేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది.

పూలు ఒకసారి విచ్చుకున్నాయంటే నెల, నెలన్నర, ఒక్కోసారి రెండు నెలలు ఉంటాయి. వాటి మీద నీళ్ళు చల్లకండి, మచ్చలు పడతాయి. దేవుడికి పెడతామని మా అమ్మ ఒక్కో పువ్వూ కోస్తుంది, కోసుకోనివ్వండి. పూకాడ చివరి పువ్వు రాలాక ఎండిన కాడని మాత్రమే కోసి, గడని అలా ఉంచండి.

కొత్తగా కొనేవాళ్ళు ఇప్పుడు, ఈ ఎండల్లో కొనకండి. ఆరుద్ర వానలు పడ్డాక కొంటే కుదురుకోవడానికి నాలుగు నెలల తేమ దొరుకుతుంది. పూలు చూసి కాదు, కుండీ తిప్పి వేళ్ళు చూసి కొనండి. పచ్చటి కొసలు కనిపించాలి, కొత్త మొలక ఒకటైనా ఉండాలి, గడలు గట్టిగా ఉండాలి. మూడు నాలుగు వందలకి మంచి మొక్కే వస్తుంది.

సింగ్ నగర్ గడల పిలకల్లో అక్కయ్యకి ఇవ్వగా మా దగ్గర ఇంకా కొన్ని మిగిలాయి. ఊరి వాళ్ళెవరికైనా కావాలంటే మృగశిర దాటాక ఒక మాట చెప్పి, ఆదివారం పొద్దున రండి. డబ్బులక్కర్లేదు, కుండీ, బొగ్గులు మీరే తెచ్చుకోవాలి.